మబ్బు కమ్మక మునుపే

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువను తీరము దాటినది. మా పెదకాకాని ప్రాంతమున నది వరికోతలకును పత్తితీతలకును కాలము. తుపానువార్త వినబడగనే పురుషులు పట్టాలు తీసికొని పొలములకు పరుగెత్తుదురు, అది యుక్తమే. మా మాస్టరుగారు మొదట పుస్తకముల పెట్టెను మంచముపై కెక్కింతురు. అదియు నొక జాగ్రత్తయే. టెలివిజను, ఫ్రిజ్జు, కంప్యూటరు, ఫోనుల భారము మాత్రము మనపై బడును.

మీట నొక్కి ఆర్పితిమి గదా యని పెక్కుమంది నిశ్చింతగా నుందురు. అది చాలదు. మీటలోపలి యెడము గోరంతయైనను లేదు. పిడుగుపాటున తీగలలో పొంగివచ్చు విద్యుత్తు దానిని దాటగలదు. కావున ప్లగ్గునే గోడనుండి ఊడదీయవలెను. కేబులు తీగను, ఇంటర్నెట్టు పెట్టె తీగను గూడ విడదీయవలెను. ఈ త్రోవను మరచువారే యెక్కువ. అయితే ఉరుములు మొదలయిన పిదప వానిపై చేయి వేయరాదు. వాతావరణశాఖవారు తుపాను హెచ్చరికను 24 గంటలకు ముందే యిత్తురు. ఆ వ్యవధి చాలును. అంగడిలో దొరకు సర్జ్ ప్రొటెక్టరు చిన్నపాటి పొంగుల నాపునే కాని, దాపున పడిన పిడుగు నాపజాలదు. కరెంటు తిరిగి వచ్చిన పిమ్మట దీపము నిలుకడగా వెలుగుట చూచి, ఒక్కొక్కటిగా తగిలింపుడు. తడిసిన యంత్రమును మెకానిక్కు చూచువరకు ముట్టవలదు.

ఇవన్నియు సొమ్ము పెట్టి మరల కొనదగినవి. కొనరానివి ఫోనులో నున్నవి: గతించిన అత్తగారి కంఠస్వరము, పిల్లల బారసాలనాటి ఫోటోలు, పొదుపుసంఘపు లెక్కలు. వానిని పెన్ డ్రైవులో నెక్కించి యింటి బీరువాలోనే దాచుట మాకు నచ్చదు. నీరు జొచ్చిన నాడు రెండును ఒకచోటనే నానును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన యిండ్లకిండ్లనే ఊడ్చుకొని పోయినది. దానిముందు బీరువా యేపాటి? రెండవ ప్రతి ఊరు దాటి యుండవలెను, పట్నములోని చెల్లెలి యింటనో, ఆన్‌లైను ఖాతాలోనో. ఆ ఖాతా రహస్యపదమును ఇల్లాలు గూడ ఎరిగియుండవలెను. అది అబ్బాయికి మాత్రమే తెలిసి, అబ్బాయి అమెరికాలో నున్నచో నేమి లాభము?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన విశాఖపట్టణమున కరెంటును ఫోను సిగ్నళ్లును రోజుల తరబడి లేకపోయెను. కనుక పవర్ బ్యాంకును ముందే నింపుకొనుడు. ముఖ్యమైన నంబర్లను కాగితముపై పెన్సిలుతో వ్రాసి, ప్లాస్టిక్కు సంచిలో పాసుపుస్తకములతో గూడ నుంచుడు. సిరా తడికి చెదరిపోవును.