కెమేరా యను గది

మానభంగమునకు గురియైన యొక యువతి సాక్ష్యము చెప్పుటకై తల్లి వెంట న్యాయస్థానమునకు వచ్చెను. విచారణ 'ఇన్ కెమేరా' జరుగునని బంట్రోతు చెప్పగనే ఆమె ముఖము పాలిపోయెను. "లోపల నాకు ఫొటోలు తీస్తారాండీ?" అని మమ్మడిగెను. ఎవరును చూడకుండుటకై తలుపులు మూయుదురను మాట, లోకమెల్ల చూచునను బెదరింపుగ ఆమెకు వినబడెను. తప్పు ఆమెది కాదు.

ఈ మాట పుట్టుక తెలిసికొనదగినది. గ్రీకు భాషలో 'కమారా' యనగా కమానుకప్పు గల కట్టడము. లాటినువారు దానిని 'కామెరా' యని గైకొనగా, క్రమముగ గది యను నర్థము స్థిరపడెను. న్యాయమూర్తి చేంబరు, వర్తకుల చేంబరు దాని సంతతియే. పోర్చుగీసువారి యోడలపై వచ్చి హిందీలో 'కమరా' యయ్యెను. ఒకే గదిలో వసించువారిని స్పెయినువారు 'కమరాదా' యనిరి. మన సభలలో మారుమ్రోగు 'కామ్రేడు' అందుండి వచ్చినదే. సన్నని రంధ్రముగుండ వెలుగు చొచ్చు చీకటిగదిని 1604లో కెప్లరు 'కామెరా అబ్‌స్క్యూరా' యని పేర్కొనెను. ఆ గదియే చిన్న పెట్టెగ మారి, 1839లో డగేరు పద్ధతి వెల్లడియైన పిమ్మట ఛాయాచిత్రయంత్రమునకు పేరయ్యెను. న్యాయవాదులకు మాత్రము నేటికిని అది మూసిన గదియే.

ఒక యర్థము చూపునది, వేఱొకటి దాచునది. పండితులకిది వినోదము, సాక్షికిది భయము. విచారణ బహిరంగముగ జరుగవలెననుట సామాన్యనియమము. అత్యాచారపు కేసులను మాత్రము మూసిన గదిలో విచారింపవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 366వ విభాగము విధించుచున్నది. అంతకు ముందు 1973 నాటి స్మృతిలో 327వ విభాగమును ఇట్లే పలికినది. బాధితురాలికై యేర్పడిన రక్షణ బాధితురాలికే తెలియకున్న, అది సగము రక్షణయే. భయపడిన సాక్షి నోట మాట పెగలదు. పెగలని మాటవలన లాభము ముద్దాయికి గలుగును.

లాటినుమాటలో నిర్దిష్టత కలదని మా సహవృత్తులు కొందఱందురు. ఆ నిర్దిష్టత యెవరికి? చట్టపు ఆంగ్లపాఠమున ఆ మాట యుండుగాక; సాక్షికి చెప్పునపుడు దానిని వాడవలెనని ఏ చట్టమును శాసింపలేదు. ఆంధ్రప్రదేశమున 1966లోనే తెలుగు అధికారభాషయని చట్టమయ్యెను. అరువుమాటలపై మాకు ద్వేషము లేదు; రైలు, టిక్కెట్టు మనవే యయినవి. కెమేరాయు ఇంట నుండవచ్చును. న్యాయస్థానమున మాత్రము 'తలుపులు మూసి విచారణ' యన్న చాలును.

ఇందులకు క్రొత్త చట్టము వలదు, ప్రభుత్వపుటుత్తరువు వలదు. న్యాయవాదియు, బంట్రోతును రేపటినుండియే ఆరంభింపవచ్చును. మేమా యువతితో "లోపల ఫొటోలు లేవమ్మా, తలుపులు మూస్తారు, అంతే" యంటిమి. ఆమె తల్లి చేయి వదలి లోనికి నడచెను.