నాసా సాక్ష్యం మనకెందుకు?

ఆ రాత్రి కూటంలో వాక్యం యెహోషువ పదో అధ్యాయం. సూర్యచంద్రులు ఆగిన ఘట్టం. ప్రసంగం బాగా సాగుతుండగా బోధకులు గొంతు పెంచి, దీన్ని నాసా శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారని చెప్పారు. గ్రహాల లెక్కలు వెనక్కి వేసుకుంటూ పోతే ఒక రోజు తక్కువ వచ్చి కంప్యూటర్ ఆగిపోయిందట. యెహోషువ దగ్గర 23 గంటల 20 నిమిషాలు, హిజ్కియా దగ్గర మిగతా 40 నిమిషాలు దొరికాయట. పందిరంతా హల్లెలూయా. నా పక్కన కూర్చున్న ఇంజనీరింగ్ కుర్రాడు ఫోన్ తీసి కాసేపు చూసి నా వైపు వంగాడు. "అంకుల్, నాసా వాళ్లే ఇది కాదన్నారు. మరి మిగతావన్నీ?" అన్నాడు.

ఆ "మిగతావన్నీ" అన్న మాటకే ఈ వ్యాసం.

ఈ కథకు నాసా కంటే వయసెక్కువ. 1890లో టాటెన్ అనే అమెరికన్ తప్పిపోయిన రోజు గురించి పుస్తకం రాశాడు. 1936లో హ్యారీ రిమ్మర్ దాన్ని మళ్లీ ఎత్తుకున్నాడు. అంతరిక్ష యుగం వచ్చాక హెరాల్డ్ హిల్ అనే వ్యాపారి నోట అది నాసా కథయింది. అసలు ఆ లెక్కే కుదరదు. ఒక రోజు తగ్గిందని తేలాలంటే, యెహోషువకు ముందు ఫలానా రోజున గ్రహాలు ఎక్కడున్నాయో ఎవరో రాసిపెట్టి ఉండాలి. అలాంటిది లేనప్పుడు కంప్యూటర్ దేనితో పోల్చి చూస్తుంది? ఆ 40 నిమిషాల సంగతీ అంతే. పది డిగ్రీలకు 40 నిమిషాలని కట్టిన లెక్క అది. హిజ్కియా కథలో నీడ వెనక్కి వెళ్లింది పది మెట్లు. హీబ్రూ మాటకు అర్థం మెట్టు. పాత ఇంగ్లీషు బైబిల్లో అది డిగ్రీ అయింది, దాన్ని వృత్తంలో డిగ్రీగా తీసుకున్నారు.

ఈ మాట అంటే మనవాళ్లు తరచుగా ఇచ్చే జవాబు ఒకటుంది: "పోనీలెండి, విశ్వాసం బలపడుతుందిగా!" నేను పోట్లాడేది ఈ మాటతోనే. బలపడదు. అబద్ధం మీద నిలబెట్టిన నమ్మకం, ఆ అబద్ధం బయటపడిన రోజున కూలుతుంది. కూలేటప్పుడు పక్కనున్న నిజాన్ని కూడా లాక్కుపోతుంది. డార్విన్ మరణశయ్య మీద పశ్చాత్తాపపడ్డాడని ఇంకా చెబుతూనే ఉన్నాం. 1915లో లేడీ హోప్ పేరుతో అచ్చయిన ఆ కథను డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో ఖండించింది. మన కరపత్రాల్లో మాత్రం ఆ ఖండన ఎక్కడా కనిపించదు.

విశ్వం ఒక ఆదిమ అణువు నుంచి విస్తరించిందని చెప్పిన జార్జ్ లెమెత్ర్ స్వయంగా కేథలిక్ ఫాదర్. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువు అన్నట్టు మాట్లాడితే, సంతోషించాల్సిన లెమెత్ర్ కలవరపడ్డాడు. భౌతికశాస్త్రాన్నీ దైవాన్నీ అలా ముడిపెట్టవద్దన్నాడు. ఆయన విశ్వాసం మనకంటే తక్కువదా?

చెప్పుకోవడానికి నిజమైనవి లేకనా ఇవన్నీ? 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాను గుహలో యెషయా గ్రంథపు చుట్ట దొరికింది. ఏడు మీటర్లకు పైగా పొడవు. అప్పటిదాకా మన చేతిలో ఉన్న హీబ్రూ ప్రతుల కంటే దాదాపు వెయ్యేళ్లు పాతది. నలభయ్యో అధ్యాయం దగ్గర చూడండి. గడ్డి ఎండటం, పువ్వు వాడటం గురించిన మాటలు అక్కడ రెండుసార్లు వస్తాయి. రాస్తున్నవాడి కన్ను మొదటి చోటి నుంచి రెండో చోటికి జారింది, మధ్యలోది తప్పిపోయింది. తర్వాత ఎవరో ఆ వదిలేసిన మాటల్ని వరుసల మధ్య ఇరికించి, చోటు చాలక మార్జిన్ వెంట కిందికి రాశారు. నాకు ఆ మార్జిన్ రాత ఎంతో విలువైనది. పొరపాటు పడే మనుషులే రాశారు, ఆ మనుషులే జాగ్రత్తగా దిద్దారు. వెయ్యేళ్ల తేడాలో అక్షర భేదాలు, మాటల తేడాలు చాలానే ఉన్నా గ్రంథం అదే గ్రంథం.

దీనితో రుజువయ్యేది గ్రంథం బాగా భద్రమైందని. అందులో రాసింది జరిగిందా అన్నది వేరే ప్రశ్న. కొత్త నిబంధనకు వేల గ్రీకు ప్రతులున్నాయని గర్వంగా చెబుతాం, నిజమే. అదే నోటితో, మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతుల్లో లేవని కూడా చెప్పాలి. సండే స్కూల్లో చెప్పకపోతే పిల్లలు ఎదుటివాళ్ల నోట వింటారు. అప్పుడు మనం దాచామనే అనుకుంటారు.

దేవుడున్నాడనడానికి చెప్పే తర్కాలూ అంతే. ప్రతిదానికీ కారణం వెతుకుతూ పోతే ఒక ఆదికారణం దగ్గర ఆగాలని థామస్ అక్వినాస్ అన్నాడు. బలమైన ఆలోచనే. కానీ అది నెగ్గినా మనల్ని ఆదికారణం దగ్గరే దింపుతుంది, నజరేతు యేసు దగ్గరికి చేర్చదు. త్రిత్వం తర్కానికి అందేది కాదని అక్వినాసే ఒప్పుకున్నాడు.

325లో నైసియా సభలో ఓట్లు వేసి బైబిల్ పుస్తకాలు ఎంచారని మన విమర్శకులు అంటుంటారు. అది తప్పు. ఆ సభ నియమాల్లో పుస్తకాల జాబితా లేదు. కొత్త నిబంధనలో మనకున్న 27 పుస్తకాల జాబితా 367లో అతనాసియస్ రాసిన లేఖలో కనిపిస్తుంది. ఈ తప్పును దిద్దమని వాళ్లను అడగాలంటే ముందు నాసా కథను మనం వదలాలి కదా.

భూమి శూన్యంలో వేలాడుతోందని బైబిల్ ముందే చెప్పిందంటూ యోబు 26వ అధ్యాయం ఎత్తి చూపిస్తాం. బోధకులారా, అదే గ్రంథంలో 13వ అధ్యాయం కూడా తీయండి. దేవుని పక్షాన అబద్ధాలు ఆడతారా అని యోబు తన స్నేహితుల్ని అక్కడే నిలదీశాడు. గ్రంథం చివర దేవుడు కోపించింది ఆ స్నేహితుల మీదే.