నేలకు ఊపిరి

హైదరాబాదు శివారులోని మా ఇంటి ముంగిట 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల చిన్న పచ్చిక ఉన్నది. మా నాన్నగారికి 78 ఏళ్ళు. గుండెజబ్బు వచ్చి తగ్గిన తరువాత వైద్యులు ఆయనను ప్రతిదినం నడవమన్నారు. వీధిలో వాహనాల రద్దీకి జంకి, ఆయన ఆ పచ్చిక మీదనే, ఈ గోడ నుండి ఆ గోడ వరకు, రోజుకు నూరు మార్లు నడిచేవారు. లెక్కకు అది 1,500 అడుగులు. ఎండయినా, ముసురయినా ఆ నడక తప్పేది కాదు.

మూడేళ్ళు గడిచేసరికి, ఆయన అడుగులు పడిన మేర గడ్డి మాసిపోయి, రెండడుగుల వెడల్పున నున్నటి కాలిబాట ఏర్పడింది. వేసవిలో అది బండవలె గట్టిగా ఉండేది. వానాకాలంలో దాని మీద నీరు నిలిచి పాచి పట్టేది. కిందటి సంవత్సరం శ్రావణమాసంలో ఒక ఉదయం, వాన వెలిసిన తరువాత నడకకు బయలుదేరి, ఆ పాచి మీద కాలు జారి నాన్నగారు పడిపోయారు. అదృష్టవశాత్తు ఎముక ఏదీ విరగలేదు. కాని ఆనాటి నుండి ఆయన ముంగిటిలోనికి దిగడం మానివేశారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని, గచ్చకాయలు లెక్కపెట్టే పిల్లవానివలె, ఊచలు లెక్కపెడుతూ కూర్చునేవారు.

అంతవరకు పచ్చిక నాకు కేవలం కంటికి ఇంపయిన వస్తువు. ఆ రోజు నుండి అది ఒక మనిషి ఆరోగ్యానికి సంబంధించిన విషయమయింది.

నేను మొదట చేసిన పని, చాలామంది చేసే పనే. గడ్డి ఎదగడం లేదంటే దానికి తిండి చాలడం లేదనుకున్నాను. ఒక బస్తా ఎరువు కొన్నాను. గుంటలు పూడటానికి ఎర్రమట్టి తోలించి, కూలి ఇచ్చి పరిపించాను. అంతా కలిపి 2,600 రూపాయలయింది. రెండు వానలకు ఆ మట్టి మెదిగి, ఎండకు పెచ్చు కట్టి, ఆ బాట మునుపటికంటె గట్టిపడింది. ఎరువు వానకు కొట్టుకొనిపోయి గేటు దగ్గర కాలువలో చేరింది.

నెలకొకసారి మా వీధికి వచ్చే వృద్ధుడైన తోటమాలి ఒకరున్నారు. ఆయన బాట మీద మడమతో రెండుసార్లు తన్ని చూసి, "దీనికి తిండి తక్కువ కాలేదమ్మా. నేలకు ఊపిరి ఆడ్తలేదు. గుల్ల చెయ్యాలె" అన్నాడు.

నా వృత్తి అనువాదం. ఉద్యానశాస్త్ర గ్రంథాలలో ఈ పని ప్రస్తావనకు వచ్చినప్పుడు 'వాయుప్రసారణ' అనే బరువైన మాట వాడి, దాని అర్థం పాఠకునికి తెలుస్తుందా లేదా అని సందేహిస్తూ ఉండేదానిని. నేను నిఘంటువులలో వెదికిన మాట ఆ తోటమాలి నోట సిద్ధంగా ఉన్నది. గుల్ల చేయడమంటే నేలలో గాలికి, నీటికి దారి కల్పించడమే.

నేలను మనం గట్టి పదార్థమని భావిస్తాము గాని, మంచి నేలలో సగమే మట్టి. తక్కిన సగం ఖాళీ. ఆ ఖాళీలో సుమారు సగం నీరు, సగం గాలి ఉంటే మొక్కకు హాయి. వేళ్ళు కూడా మనవలె ప్రాణవాయువును తీసుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. పదేపదే అడుగులు పడినప్పుడు మొదట మూసుకొనిపోయేవి పెద్ద రంధ్రాలు. గాలి ఆడేది, వాన నీరు దిగేది వాటి గుండానే. అవి పోగా మిగిలిన సన్నని రంధ్రాలు నీటిని పట్టుకొని వదలవు. నీటి గుండా ప్రాణవాయువు ప్రసరించే వేగం గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు తక్కువ. కనుక వానాకాలంలో పచ్చిక కళ్ళెదుట నీరుండగానే ఊపిరాడక చనిపోతుంది. వేసవిలో నీరు లోనికి దిగక ఎండిపోతుంది. రెండింటికీ కారణం ఒకటే.

మన ప్రాంతపు నేలల స్వభావం కూడా ఇక్కడ తెలుసుకోదగినది. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చి, తన బిగువును తానే కొంత సడలించుకొంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల కనిపించే ఎర్రని చల్క నేలకు ఆ గుణం లేదు. వానకు మెత్తబడి, ఎండకు పైపెచ్చు కట్టి గట్టిపడుతుంది. దానికి తోడు, ఇల్లు కట్టేటప్పుడు ఇసుక, ఇటుక లారీలు తొక్కిన చోటనే, మొరం మీద నాలుగు అంగుళాల మట్టి పోసి మనం గడ్డి నాటుతాము. దోషం గడ్డిది కాదు.

ప్రకృతిలో ఈ పని చేసిపెట్టేవి వానపాములు. చార్లెస్ డార్విన్ చివరి గ్రంథం, 1881లో వెలువడినది, వానపాముల గురించే. ఇంగ్లండులో అనేక ప్రాంతాలలో అవి ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టిని తమ దేహాల గుండా పంపి పైకి తెస్తాయని ఆయన లెక్కకట్టాడు. ఆ లెక్కను మా 180 చదరపు అడుగులకు అన్వయించి చూస్తే ఏడాదికి 40 కిలోల పైమాట. కాని బిగిసిపోయిన నేలలో వానపాము నిలువదు. దానికి తిరిగి చోటు కల్పించేవరకు ఆ చాకిరీ మనమే చేయాలి.

నేల బిగిసినదో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేదు. వాన పడిన మరునాడు ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకొని పచ్చికలో నాలుగైదు చోట్ల చేతితో గుచ్చండి. మూడంగుళాలు సులభంగా దిగితే ఈ శ్రమ మీకు అక్కరలేదు. అంగుళంలోపే ఆగిపోతే నేల బిగిసినట్లే. మరొక పరీక్ష: రెండు వైపులా మూతలు తీసివేసిన డబ్బాను నేలలో కొంచెం దించి, అంగుళం ఎత్తున నీరు పోసి ఎంతసేపటికి ఇంకుతుందో చూడండి. మా బాట మీద ఆ నీరు గంట దాటినా ఇంకలేదు. గోడ పక్కన, ఎవరూ నడవని చోట, పది నిమిషాలలో ఇంకిపోయింది.

ఇక పనిముట్ల సంగతి. మేకులు దిగగొట్టిన చెప్పులు తొడుక్కొని పచ్చిక మీద నడవమని కొందరు సలహా ఇస్తారు. మేకు మట్టిని బయటికి తీయదు, పక్కలకు నెడుతుంది. బంకనేలలో రంధ్రం చుట్టూ గోడ మరింత గట్టిపడుతుంది. పైగా వాటితో నడవబోయి పడినవారు చేసుకొనే వైద్యం ఖర్చు, చేయించే తోటపని ఖర్చును మించవచ్చు. ఒక మోస్తరుగా బిగిసిన చోట తోటపనికి వాడే నాలుగు ముళ్ళ ఫోర్కు చాలును. దానిని నిలువుగా మూడంగుళాలు దించి, కొద్దిగా ముందుకు వెనుకకు ఊపి తీయాలి. మట్టిని పెళ్ళగించకూడదు.

బాగా బిగిసిన చోట మాత్రం మట్టిని బయటికి తీసే బోలు గొట్టం కావాలి. నేను పాత ఇనుము దుకాణంలో మూడడుగుల జి.ఐ. పైపు ముక్క ఒకటి కొన్నాను. దాని వ్యాసం ముప్పావు అంగుళం. వెల్డింగ్ చేసే అతను దాని కింది అంచును వెలుపలి వైపు నుండి అరగదీసి పదును పెట్టాడు; పైన అడ్డంగా పిడి అతికించాడు; అంచుకు మూడంగుళాల ఎత్తున, కాలితో తొక్కడానికి చిన్న ఇనుప ముక్క అతికించాడు. దాని పైన పైపు పక్కభాగంలో పొడవుగా ఒక కిటికీ కోశాడు. మట్టికడ్డీలు ఒకదానినొకటి తోసుకొంటూ ఆ కిటికీ గుండా బయట పడతాయి. పైపు, కూలి కలిపి 350 రూపాయలయింది. ఫోర్కు పొరుగింటివారు ఎరువిచ్చారు.

రంధ్రానికి రంధ్రానికి నాలుగంగుళాల దూరం ఉంచితే చదరపు మీటరుకు సుమారు నూరు రంధ్రాలు వస్తాయి. మా బాట 30 చదరపు అడుగులు. దానికి గొట్టంతో సుమారు 280 పోట్లు. మిగిలిన 150 చదరపు అడుగులకు ఫోర్కుతో సుమారు 350 పోట్లు. ఒక్కరోజులో చేసి నడుము పట్టించుకోకుండా, ఉదయం ముప్పావు గంట చొప్పున నాలుగు రోజులలో ముగించాను. మొదటి పోటుకు ముందే నీటి గొట్టాలు, విద్యుత్తు తీగలు ఏ వైపు పాతారో తెలుసుకోవడం మరువరాదు.

కాలనిర్ణయంలో ఒక హెచ్చరిక. ఆంగ్లంలో వచ్చిన తోట పుస్తకాలలో చాలావరకు ఈ పనిని శరదృతువులో చేయమంటాయి. అక్కడి గడ్డి చలి వాతావరణానికి చెందినది. ఆ ఋతువులో చురుకుగా పెరుగుతుంది. మన గరిక, కొరియన్ గడ్డి వెచ్చదనాన్ని కోరేవి. గాయం మానాలంటే అవి పెరిగే కాలంలోనే పని చేయాలి. తొలకరి తరువాత జూన్, జూలై నెలలు శ్రేష్ఠం. వాన లేకున్నా నీటి వసతి ఉంటే మార్చి కూడా పనికివస్తుంది. డిసెంబరు, జనవరిలలోను, నడివేసవిలోను వద్దు. మా పని వినాయక చవితికి ముందు వారంలో జరిగింది. వానలు ఉన్నవి గనుక సరిపోయింది.

నేల తడిగా ఉండాలి గాని బురదగా ఉండకూడదు. పిడికెడు మట్టి పిసికి, వేలితో పొడవండి. ముద్ద విచ్చిపోతే అదను. వేలికి అంటుకొని సాగితే రెండు రోజులు ఆగండి. బిరుసుగా ఉంటే ముందురోజు సాయంత్రం నీరు పెట్టండి. బయటికి వచ్చిన మట్టికడ్డీలను పారవేయవద్దు. రెండు రోజులు ఎండనిచ్చి, పుల్లల చీపురుతో చితకగొడితే అవే పచ్చికలో కలిసిపోతాయి.

తరువాత చేయవలసినది రంధ్రాలు మళ్ళీ పూడుకోకుండా మంచి పదార్థంతో నింపడం. బాగా చివికిన పశువుల ఎరువుగాని, ఆకుల ఎరువుగాని జల్లించి, అర సెంటీమీటరు మందాన పరచి చీపురుతో రంధ్రాలలోకి ఊడ్చాలి. మా పచ్చికకు సుమారు 84 లీటర్లు, అనగా 20 లీటర్ల బకెట్టుతో నాలుగు బకెట్ల పైచిలుకు పట్టింది. అది పెరటి గుంటలో ఊరకే ఉన్నదే. బంకమట్టిలో పైపైన కొద్దిగా ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకోవడం పొరపాటు. ఇసుక సందులను బంకమన్ను పూడ్చివేసి నేల మరింత గట్టిపడవచ్చు. ఎర్రమట్టి సంగతి ముందే చెప్పాను.

ఆ పైన రెండు మూడు వారాలు ఎవరూ తొక్కకూడదు. ఆ రోజులలో నాన్నగారిని వరండాలో నడవమని బతిమాలుకున్నాము. పక్కల నుండి గరిక తీగలు రంధ్రాల మీదుగా పాకి, కణుపు కణుపునా వేరు దిగి, దసరా వెళ్ళేసరికి బాటను చాలావరకు కప్పివేశాయి. మళ్ళీ డబ్బా పరీక్ష చేస్తే అంగుళం నీరు 20 నిమిషాలలో ఇంకింది. నీరు నిలువలేదు గనుక పాచి పట్టలేదు. నాన్నగారు మొదట నా చేయి పట్టుకొని, తరువాత కర్రతో, ఆ తరువాత కర్ర గోడకు ఆనించి నడక సాగించారు.

కథ ఇక్కడితో ముగిస్తే అందంగా ఉండును గాని సత్యం కాదు. సంక్రాంతి నాటికి ఆ బాట మళ్ళీ కనిపించింది. గడ్డి ఓర్చుకోగల దానికంటె ఎక్కువ అడుగులు ఒకే చోట పడుతూ ఉంటే, ఎన్ని రంధ్రాలు చేసినా ఆ మేలు తాత్కాలికమే. అప్పుడు నాకు తట్టిన ఉపాయం ముందే తట్టి ఉండవలసినది. ఇల్లు కట్టిన నాడు మిగిలిపోయి పెరట్లో గోడకు చేర్చిన షాబాదు బండలున్నాయి. అడుగు చదరపు బండలు పదిహేనింటిని ఆ బాట నడుమ వరుసగా పరిపించాము. కాలు జారకుండా గరుకు వైపు పైకి ఉంచాము. చేతికర్ర దిగబడకుండా బండకు బండకు మధ్య ఎడం విడువలేదు. కాలికి తట్టుకోకుండా నేలతో సమంగా దించాము. బండలకు ఇరుపక్కల గరిక తిరిగి పట్టుకొన్నది. నడిచే పాదానికి దాని దారి, పెరిగే గడ్డికి దాని చోటు దొరికాయి.

కనుక మీ ముంగిట గడ్డి మాసిన చోటు కనిపిస్తే, ఎరువు సంచి కొనే ముందు ఒక స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. తరువాత, అక్కడ నడిచేది ఎవరో, ఎందుకో కూడా గమనించండి. అది ఎప్పుడో ఒకసారి పిల్లలు ఆడుకొన్న చోటయితే ఏడాదికొకమారు గుల్ల చేస్తే చాలును. ప్రతిదినం ఒక మనిషి నడిచే దారి అయితే, ఆ మనిషిని ఆపవద్దు, దారి వేయండి.

ఈ ఏడు తొలకరి పడిన మరునాడు, నూరు మార్లు పూర్తిచేసి లోపలికి వస్తూ నాన్నగారు, "అమ్మా, ఆ పైపు ఎక్కడ పెట్టావు? గేటు దగ్గర నేల మళ్ళీ బిగిసింది" అన్నారు.