ఫోను చేశాక ఏమవుతుంది?

ఇక్కడ ఏదైనా రాసి చాలా రోజులైంది. పని ఒత్తిడి ఒక కారణం, బద్ధకం ఇంకో కారణం. ఈసారి మాత్రం రాయకుండా ఉండలేక రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

మూడేళ్ళుగా ప్రతి ఆదివారం మా ఊరి తెలుగు బడిలో పిల్లలకి అ ఆలు నేర్పుతున్నాను. ఊరి పేరు చెప్పను, పెన్సిల్వేనియా అని మాత్రం చెబుతాను. ఎందుకో మీకే అర్థమవుతుంది. బడిలో చేరే ముందు నా చేత కాగితాలు తెప్పించారు. రాష్ట్ర పోలీసుల దగ్గర నా మీద కేసుల్లేవని ఒకటి, పిల్లల్ని హింసించినవాళ్ళ జాబితాలో నా పేరు లేదని ఒకటి, ఎఫ్.బి.ఐ. వేలిముద్రలు ఒకటి. ఐదేళ్ళకోసారి మళ్ళీ తెచ్చుకోవాలి. "ఒత్తులు నేర్పడానికి వేలిముద్రలెందుకండీ" అని అప్పట్లో తెగ విసుక్కున్నాను.

ఈ నిబంధనల వెనక పెద్ద కథే ఉంది. పెన్ స్టేట్ యూనివర్సిటీ మాజీ ఫుట్‌బాల్ సహాయ కోచ్ జెర్రీ శాండస్కీ ఏళ్ళ తరబడి పిల్లలపై చేసిన అత్యాచారాలు 2011లో బయటపడ్డాయి. అనుమానం వచ్చినవాళ్ళు ఉన్నారు, పైవాళ్ళకి చెప్పి చేతులు దులుపుకున్నారు. ఆ తర్వాత 2014లో ఇక్కడి చట్టాలు గట్టిపడ్డాయి. నాలాంటి వాలంటీరు కూడా, పిల్లల విషయంలో సరైన అనుమానం కలిగితే, వెంటనే చైల్డ్‌లైన్‌కి తానే ఫిర్యాదు చేయాలి. బడి పెద్దలకి చెప్పేశాను కదా అంటే కుదరదు.

ఒక ఆదివారం బడి అయిపోయాక ఒక బిడ్డ నా దగ్గరే నిలబడిపోయింది. అమ్మాయో అబ్బాయో చెప్పను. ఏం చెప్పిందో కూడా రాయను. ఇంట్లోవాళ్ళు నమ్మిన మనిషి గురించి, అంతే. (తల్లి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. కొన్ని వివరాలు మార్చాను.)

బడి నడిపే ఇద్దరు పెద్దలకి చెప్పాను. "తొందరపడకు, ముందు మనలో మనం మాట్లాడుకుందాం" అన్నారొకరు. "వాళ్ళ వీసా సంగతి ఆలోచించావా? రేపు పొద్దున వాళ్ళ పరువేం కావాలి?" అన్నారు ఇంకొకరు. చెడ్డవాళ్ళేం కాదు. మంచివాళ్ళు భయపడితే ఇలాగే మాట్లాడతారు. నిజం చెప్పొద్దూ, నేనూ భయపడ్డాను. ఇంటికొచ్చి అన్నం తిన్నట్టు నటించి రాత్రి దాకా ఊరుకున్నాను. చివరికి మా ఆవిడకి చెబితే ఒకటే ప్రశ్న వేసింది. "ఆ బిడ్డ ఇవాళ రాత్రి ఎక్కడ పడుకుంటుంది?"

ఫోను తీశాను. ఆ ఆరు గంటల ఆలస్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఫోను చేశాక పోలీసులు రావడం, బేడీలు, కోర్టు, అంతే అనుకున్నాను. సినిమాల్లో అంతే కదా. తర్వాత జరిగింది నాకు తెలిసింది కౌంటీ వాళ్ళు చెప్పి కాదు. ఆ తల్లికి కారు నడపడం రాదు. ఎవరితో ఎక్కడికి వెళ్ళాలో తెలియక మా ఆవిడకే ఫోను చేసింది. ఆ తర్వాత నాలుగు నెలలు, వారానికోసారి, తల్లినీ బిడ్డనీ మా ఆవిడే తీసుకెళ్ళింది.

మొదట వెళ్ళింది పోలీసు స్టేషనుకి కాదు. సోఫాలూ బొమ్మలూ ఉన్న ఒక మామూలు గదికి. అందుకోసమే శిక్షణ పొందిన ఒకావిడ బిడ్డతో మాట్లాడింది. డిటెక్టివు, కౌంటీ శిశు సంక్షేమ ఉద్యోగి, ప్రాసిక్యూటరు ఆఫీసు మనిషి వేరే గదిలో కూర్చుని విన్నారు. పోలీసులకోసారి, డాక్టరుకోసారి, లాయరుకోసారి అదే నరకాన్ని చెప్పించే పని తప్పింది.

ఈ ఏర్పాటు ఎక్కడ పుట్టిందా అని వెతికితే అలబామాలోని హంట్స్‌విల్ దొరికింది. అక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీగా ఉన్న బడ్ క్రేమర్, విచారణ పేరుతో మనమే పిల్లల్ని మళ్ళీ గాయపరుస్తున్నామని గ్రహించి, 1985లో అందర్నీ ఒకే కప్పు కిందకి తెచ్చాడు. ఇప్పుడు అమెరికాలో అలాంటి కేంద్రాలు 900కి పైగా ఉన్నాయి. కొన్ని ఆస్పత్రుల్లోనే నడుస్తాయి.

అసలు నన్ను ఆలోచనలో పడేసింది దీని తర్వాతి భాగం. కౌంటీ అక్కడితో ఫైలు మూసేయలేదు. ఆ కేంద్రం నుంచే ఆస్పత్రి పిల్లల మానసిక వైద్య విభాగానికి అపాయింటుమెంటు తీసుకున్నారు. అక్కడ వాడే చికిత్స పద్ధతిని రూపొందించిన ముగ్గురిలో ఇద్దరు, జుడిత్ కోహెన్, ఆంథొనీ మన్నరినో, మా రాష్ట్రంలోనే పిట్స్‌బర్గ్ అల్లెఘెనీ జనరల్ ఆస్పత్రిలో పనిచేసినవాళ్ళు. మామూలుగా 12 నుంచి 16 వారాలు. భయమేసినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో మొదలుపెట్టి, "తప్పు నాది కాదు" అని బిడ్డే గ్రహించేదాకా. మెల్లగా జరిగినదాన్ని బిడ్డ తన మాటల్లో రాస్తుంది, బొమ్మలేస్తుంది. చివర్లో తల్లికి చదివి వినిపిస్తుంది. వినడానికి తల్లిని కూడా విడిగా సిద్ధం చేస్తారు. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు కారులో ఇద్దరూ నిద్రపోయారట. మా ఆవిడ ఇంటికి రాగానే వాళ్ళని దింపకుండా, లేపబుద్ధి కాక, ఊరంతా ఇంకో చుట్టు తిప్పిందట.

కోర్టు కేసు ఇంకా నడుస్తూనే ఉంది. వైద్యం మాత్రం తీర్పు కోసం ఆగలేదు. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క ముక్కే.

ఇరవయ్యేళ్ళుగా సాఫ్టువేరులో చూస్తున్నాను. సమాచారం పోయేది ఒక సిస్టం లోపల కాదు, ఒకటి ఇంకోదానికి అందించే చోట. పిల్లలూ అంతే. పోలీసు తన పని చేస్తాడు, డాక్టరు తన పని చేస్తాడు, మధ్యలో బిడ్డ జారిపోతుంది. స్థానిక ప్రభుత్వం, ఆస్పత్రి చేతులు కలిపితే ఆ సందు మూసుకుంటుంది. డబ్బు సంగతీ చూసుకుంటారు. పెన్సిల్వేనియాలో నేర బాధితుల పరిహార నిధి కౌన్సెలింగుకి ఇస్తుంది, మెడికెయిడ్ ఉన్న పిల్లల మానసిక వైద్యం చూసే బాధ్యత చాలావరకు కౌంటీలదే. అన్నీ బాగున్నాయని కాదు. ఫెడరల్ బాధితుల నిధి నేరస్తులు కట్టే జరిమానాలతో నిండుతుంది. ఆ రాబడి తగ్గిపోతే 2021లో చట్టం మార్చాల్సి వచ్చింది. జరిమానాలు తగ్గాయని పిల్లల గాయాలు తగ్గవు కదా.

వైద్యం లేకపోతే ఏమవుతుందో 1998లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. శాన్ డియేగోలో 9,508 మంది పెద్దవాళ్ళని చిన్ననాటి హింస, ఇంట్లోని కష్టాల గురించి అడిగారు. అలాంటివి నాలుగు రకాలు అంతకుమించి అనుభవించినవాళ్ళలో తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నాలు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. "చిన్నపిల్లలు, మర్చిపోతారులే" అనేవాళ్ళకి ఇదే జవాబు.

ఇక మన సంగతి. 2007లో కేంద్ర ప్రభుత్వం వేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగానికి పైగా ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్ళలో మగపిల్లలే కొంచెం ఎక్కువ. 2012లో పోక్సో చట్టం వచ్చింది, మంచి చట్టం. బిడ్డ దగ్గర యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలంటుంది, తెలిసినవాళ్ళు ఫిర్యాదు చేసి తీరాలంటుంది. 2016లో హైదరాబాదులో భరోసా కేంద్రం మొదలైంది, అక్కడ పోలీసు, వైద్యం, కౌన్సెలింగు ఒకే చోట. సంతోషించాల్సిందే. 2015 నుంచి సఖి కేంద్రాలు వచ్చాయి, కానీ అవి స్త్రీలకీ ఆడపిల్లలకీ. మగపిల్లవాడు ఎక్కడికి వెళ్ళాలి?

ఘోరం జరిగినప్పుడల్లా మనం టీవీ ముందు కూర్చుని "ఉరి తీయాలి", "ఎన్‌కౌంటర్ చేయాలి" అంటాం. నేనూ అన్నాను. కానీ ఆ బిడ్డ వచ్చే మంగళవారం ఏ డాక్టరు దగ్గరికి వెళ్తుంది, బస్సు ఛార్జీ ఎవరిస్తారు అని ఒక్కసారైనా అడిగామా?

కొత్తగా కట్టాల్సింది పెద్దగా లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం ఉంది. కావలసింది ఈ రెంటినీ, పోలీసుల్నీ కలిపి కలెక్టరు సంతకంతో ఒక ఒప్పందం. ప్రతి జిల్లా ఆస్పత్రిలో పిల్లల కోసం ఒక గది, ఒక సైకాలజిస్టు. అపాయింటుమెంటు తప్పితే ఫోను చేసి అడిగే ఒక మనిషి. ఏటా బడ్జెట్టులో దానికంటూ ఒక పద్దు.

మనం ఊళ్ళో స్వాగత తోరణాలు కట్టిస్తాం, తాతల పేర్లు చెక్కిస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు మీ జిల్లా ఆస్పత్రిలో ఈ గది ఎక్కడుందో అడగండి. లేదంటే ఎందుకు లేదని ఎమ్మెల్యేని అడగండి. చందా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ అది ప్రభుత్వం పని అని మర్చిపోకుండా ఇవ్వండి. ఇక్కడ ఉన్నవాళ్ళకి ఇంకో మాట: ఏ బిడ్డయినా మీ దగ్గర నిలబడిపోతే "మనలో మనం" అనకండి. ఇండియాలో అయితే 1098. నాలాగా ఆరు గంటలు ఆగకండి.

బడిలో మొన్న గుణింతాలు మొదలుపెట్టాం. ఆ బిడ్డ వచ్చింది. "కౌ" దగ్గర తడబడితే పక్కపిల్లలు నవ్వారు. తనూ నవ్వింది.