కోర్టు వరండాలో ఆ బిడ్డ పక్కన ఎవరున్నారు?

జుమా ఖుత్బాలో అనాథల హక్కుల ప్రస్తావన వస్తే మన కళ్ళు చెమరుస్తాయి. నమాజు ముగిసి బయటికి వచ్చాక, గేటు దగ్గర చేయి చాచిన పిల్లవాడికి పది రూపాయలిచ్చి ఇంటికి వెళ్తాం. మన బాధ్యత అంతటితో తీరిందనుకుంటాం. కాని మస్జిద్‌కు ఎంతో దూరం లేని జిల్లా కోర్టు వరండాలో మరో బిడ్డ కూర్చుని ఉంటుంది. ఆ బిడ్డ మన దగ్గర అడిగేది డబ్బు కాదు.

ఆ వరండాను ఒకసారి పరికించి చూడండి. ముద్దాయికి వకీలు ఉన్నాడు. ప్రభుత్వానికి ప్రాసిక్యూటర్ ఉన్నాడు. కేసు కట్టిన పోలీసు ఉన్నాడు. దెబ్బలు తిన్న బిడ్డకు, చెరచబడిన బిడ్డకు, తల్లిదండ్రుల తగాదాలో రెండిళ్ళకూ బరువైన బిడ్డకు ఎవరున్నారు? తల్లి రావచ్చు. కాని నిందితుడు తన మరిదో, తన తమ్ముడో అయినప్పుడు ఆ తల్లే సగం ప్రాణంతో వస్తుంది. ఒక్కోసారి నిందితుడు తండ్రే అవుతాడు. అప్పుడు బిడ్డ చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళేవారు ఎవరు? వాయిదా పడితే, "భయం లేదమ్మా, వచ్చేసారి కూడా నేను వస్తాను" అని చెప్పేవారు ఎవరు?

దైవప్రవక్త (స) తండ్రి ముఖం చూడకుండానే పుట్టారు. ఆరేళ్ళ ప్రాయంలో తల్లి, ఎనిమిదేళ్ళ ప్రాయంలో తాతగారు దూరమయ్యారు. పినతండ్రి అబూ తాలిబ్ అక్కున చేర్చుకున్నారు. ఆ ఆశ్రయాన్ని గుర్తు చేస్తూనే అనాథను అణగదొక్కవద్దని అల్లాహ్ 'జుహా' సూరాలో ఆజ్ఞాపించాడు. అనాథను గెంటివేసేవాడిని ధర్మాన్ని అబద్ధమనేవాడిగా 'మాఊన్' సూరా చూపిస్తుంది. అనాథల ఆస్తిని తినేవారికి 'నిసా' సూరాలో తీవ్రమైన హెచ్చరిక ఉంది. అంటే మన ధర్మం బిడ్డకు అన్నం పెట్టమనడంతో ఆగలేదు. బిడ్డ హక్కును కాపాడమంది. హక్కు నేడు తేలేది న్యాయస్థానంలో. అక్కడికి వెళ్ళకుండా హక్కును కాపాడలేం.

మన నల్లగొండ, పాలమూరు నేలను తీసుకోండి. 2016లో, 2019లో ఈ జిల్లాలు చీలి కొత్త జిల్లాలయ్యాయి కాని కరువు, వలస మాత్రం అందరికీ ఉమ్మడి ఆస్తిగానే మిగిలాయి. పాలమూరు లేబరు దేశంలో ఎన్ని ఆనకట్టలు కట్టిందో లెక్కలేదు. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు నానమ్మ దగ్గర, చాచా దగ్గర ఉండిపోతారు. కొందరు వెంట వెళ్ళి ఇటుక బట్టీల్లో తేలుతారు. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలలో పిల్లల చేతులు పడిన కష్టం తెలియనిది కాదు. కన్నవారి కన్ను పక్కకు తిరిగిన చోటే బిడ్డకు ముప్పు మొదలవుతుంది.

దేవరకొండ ప్రాంతపు తండాల సంగతి గుర్తున్నవారు ఇంకా ఉన్నారు. 1999లోను, 2001లోను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. నిరుపేద లంబాడా తల్లుల దగ్గర ఆడశిశువులను దళారులు కొద్దిపాటి సొమ్ముకు తీసుకుని దత్తత కేంద్రాలకు చేర్చారు. కొందరు శిశువులు విదేశాలకు పోయారు. కాగితాల మీద అంతా సవ్యంగానే ఉండేది. కన్నతల్లి ఇష్టపడి బిడ్డను వదులుకున్నట్టు పత్రం, దాని మీద వేలిముద్ర. గీతా రామస్వామి వంటి కొందరు పౌరులు ఆ కాగితాల వెనుక ఏముందని పట్టుబట్టి అడిగారు. 2001లో ప్రభుత్వం పేదరికం పేరుతో బిడ్డను వదులుకునే పద్ధతిని నిషేధించింది. అడిగేవారు లేనంతకాలం చట్టం కళ్ళెదుటే ఆ వ్యాపారం సాగింది.

ఇది తండాల గొడవ అని మనం తప్పించుకోలేం. 1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో పదేళ్ళ ముస్లిం బాలిక ఏడుస్తూ కనిపించింది. పక్కన అరవై ఏళ్ళ సౌదీ దేశస్థుడు, 'భర్త'గా. ఒక ఎయిర్ హోస్టెస్ ఆ పిల్లను పలకరించి, విషయం తెలుసుకుని పోలీసులకు చెప్పింది. నికాహ్ కాగితాలున్నాయి, పెద్దల అంగీకారం ఉంది. లేనిదల్లా ఆ పిల్ల మాట. ఏడుస్తున్న బిడ్డను ఎందుకేడుస్తున్నావని అడిగినవారు ఒకరున్నారు గనుకనే దేశానికి ఆ సంగతి తెలిసింది. ఆ తర్వాత ఆ బిడ్డ ఎక్కడుండాలన్నది కూడా కోర్టుల్లోనే నలిగింది.

హాజీపూర్‌ను కూడా మరువరాదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని బొమ్మలరామారం మండలంలో ఒక బాలిక 2015లోనే కనబడకుండా పోయింది. 2019 ఏప్రిల్‌లో మరో బాలిక మృతదేహం పాడుబడిన బావిలో దొరికిన తర్వాతే ముగ్గురు బాలికల హత్యలు బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ ప్రత్యేక కోర్టు నేరస్థుడికి మరణశిక్ష విధించింది. తీర్పు వచ్చింది, బిడ్డలు రాలేదు. చుట్టుపక్కలవారి పట్టుదల నాలుగేళ్ళు ముందే మేల్కొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. బిడ్డ మీద అఘాయిత్యం జరిగిందని తెలియగానే మనం మొదట అనే మాట 'ఇజ్జత్'. "బయటికి పొక్కితే పిల్లకు పెళ్ళవుతుందా?" అంటాం. నలుగురు పెద్దలు కూర్చుంటారు. నిందితుడి చేత క్షమాపణ చెప్పిస్తారు, కొంత సొమ్ము ఇప్పిస్తారు, పిల్లను వేరే ఊరికి పంపిస్తారు. పరువు నిలిచిందనుకుంటారు. నిజానికి నిలిచింది నేరం చేసినవాడి పరువు. ఆ వ్యక్తి అదే వీధిలో, ఇతర పిల్లల మధ్య తిరుగుతూనే ఉంటాడు.

సొంత మనిషికి, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన సాక్షులుగా నిలబడాలని 'నిసా' సూరా 135వ ఆయత్ ఆదేశిస్తున్నది. సాక్ష్యాన్ని దాచేవాడి హృదయం పాపభూయిష్ఠమని 'బఖరా' సూరా 283వ ఆయత్ హెచ్చరిస్తున్నది. ఈ ఆయత్‌లను చదువుతూనే చిన్నపిల్ల సాక్ష్యాన్ని నలుగురం కలిసి పాతిపెడితే, దాన్ని పెద్దమనుషుల రాజీ అందామా, సాక్ష్యం దాచడం అందామా? పైగా దేశ చట్టం ప్రకారం కూడా అది తప్పే. 2012 నాటి పోక్సో చట్టం కింద, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలపడం తప్పనిసరి. తెలపకపోతే శిక్ష ఉంది.

ఆ చట్టంలో బిడ్డకు ఊరటనిచ్చే ఏర్పాట్లు చాలానే ఉన్నాయి. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే లేదా బిడ్డ కోరిన చోట తీసుకోవాలి. పోలీసు యూనిఫాంలో ఉండరాదు. బిడ్డను కోర్టుకు పదేపదే పిలిపించకూడదు. బిడ్డ నమ్మే మనిషి పక్కన ఉండవచ్చు. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలి. 2020 నాటి నియమాల ప్రకారం బాలల సంక్షేమ సమితి బిడ్డకు ఒక సహాయక వ్యక్తిని ఏర్పాటు చేయవచ్చు. దర్యాప్తు మొదలుకొని తీర్పు దాకా బిడ్డ వెంట ఉండడమే ఆ వ్యక్తి పని. ఆ సహాయం అవసరమా కాదా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేయరాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో స్పష్టం చేసింది.

నిర్లక్ష్యానికి గురైన పిల్లల కోసం 2015 నాటి బాలల న్యాయ చట్టం ఉంది. జిల్లాకు కనీసం ఒక బాలల సంక్షేమ సమితి ఉండాలి. అందులో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. పనిలో మగ్గుతున్న బిడ్డ, వదిలివేయబడిన బిడ్డ, చిన్నతనంలోనే పెళ్ళి చేయబోతున్న బిడ్డ కూడా రక్షణ అవసరమైనవారి లెక్కలోకే వస్తారు. అలాంటి బిడ్డను ప్రజాహితం కోరే ఏ పౌరుడైనా ఆ సమితి ముందుకు తీసుకుపోవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆపదలో 1098కి ఫోన్ చేయవచ్చు.

ఏర్పాట్లు ఉన్నాయి. మనుషులే తక్కువ. ఈ కొరతను 1977లో అమెరికాలోని సియాటిల్ నగరంలో డేవిడ్ సూకప్ అనే జడ్జి గుర్తించారు. పిల్లల భవిష్యత్తును నిర్ణయించే తనకు ఆ పిల్లల గురించి చాలినంత తెలియడం లేదని ఆయన బాధ. అందుకని మామూలు పౌరులకు శిక్షణ ఇప్పించి, బిడ్డను కలిసి, ఇంటినీ బడినీ చూసి, బిడ్డకు ఏది మేలో కోర్టుకు చెప్పే పనికి నియమించారు. ఆ పద్ధతి అమెరికా అంతటా వ్యాపించింది. వారు వకీళ్ళు కారు. ఇరుగుపొరుగువారే.

ఇది మనకు కొత్త సంగతా? ప్రవక్త పదవి రాకముందే మక్కాలో యెమెన్ వర్తకుడొకడు మోసపోయాడు. సరుకు తీసుకున్న పెద్దమనిషి డబ్బు ఇవ్వలేదు. పరాయి ఊరు, పలికే దిక్కు లేదు. అప్పుడు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో కొందరు సమావేశమై, బాధితుడు ఎవరైనా సరే అతని హక్కు దక్కేవరకు అందరం అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. యువకుడైన ముహమ్మద్ (స) అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళ్తానని తర్వాత అన్నారు. బాధితుడి తెగ ఏదని ఆ ప్రమాణం అడగలేదు. మనమూ బిడ్డ మతం అడగకూడదు.

కనుక నా సూచన ఇది. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, భువనగిరి, దేవరకొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పట్టణాలలో ఒక్కోచోట ఐదారుగురు ముందుకు రావాలి. సగం మంది స్త్రీలు కావాలి. రిటైరైన ఉపాధ్యాయురాలు, నర్సు, ఇంటిపని ముగించుకున్న గృహిణి ఈ పనికి ఎంతో తగినవారు. మస్జిద్ కమిటీ చోటు ఇవ్వాలి, బస్సు చార్జీలు భరించాలి. పెత్తనం మాత్రం చేయకూడదు. సభ్యులు న్యాయసేవాధికార సంస్థ దగ్గర శిక్షణ పొంది, బాలల సంక్షేమ సమితికి తమ పేర్లు ఇచ్చి, ఆ సమితి అనుమతితోనే పనిచేయాలి.

కొన్ని కట్టుబాట్లు తప్పవు. ప్రతి సభ్యుడి గురించి పోలీసు విచారణ జరగాలి. గడ్డం చూసో, హోదా చూసో మినహాయింపు ఇవ్వరాదు. బిడ్డకు హాని చేసేవాడు భక్తుడి వేషంలోనూ రాగలడు. ఏ సభ్యుడూ బిడ్డతో ఒంటరిగా ఉండరాదు. బిడ్డ పేరు ఇంట్లో భార్యకు, భర్తకు కూడా చెప్పరాదు. బిడ్డకు సాక్ష్యం నేర్పరాదు. రాజీ మాట ఎత్తరాదు. ఒక బిడ్డకు మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి ఉండాలి. మనిషి మారినప్పుడల్లా బిడ్డ తన గాయాన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తుంది.

అభ్యంతరాలు వస్తాయి. "ఇవన్నీ బయటపెడితే మన సమాజాన్నే వేలెత్తి చూపుతారు" అంటారు. చూపేవారు ఎలాగూ చూపుతారు. వారికి భయపడి మన బిడ్డను బలి ఇవ్వడం ఏ ధర్మం? "సర్కారు వాళ్ళు పిల్లలను హోమ్‌లో వేస్తారు" అని మరికొందరి భయం. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే బిడ్డను సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమని ఆ చట్టమే చెబుతున్నది. నానీ ఇంట్లో చోటుందని, మామూ పెంచుతానంటున్నాడని, ఆ ఇల్లు క్షేమమో కాదో సమితికి తెలియజేసే మనిషి ఉంటేనే ఆ మాట నిజమవుతుంది. తగిన బంధువు లేనప్పుడు మన కుటుంబాలు పెంపుడు సంరక్షణకు ముందుకు రావాలి. బిడ్డను కన్నతండ్రి పేరుతోనే ఉంచి పెంచడం మన షరీఅత్‌కు తెలిసిన పద్ధతే.

తలాక్ తగాదాలలోనూ ఇదే అవసరం ఉంది. అబ్బా పక్షం, అమ్మీ పక్షం పోట్లాడుకుంటాయి. 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం కోర్టు బిడ్డ క్షేమాన్ని చూడాలి, ఊహ తెలిసిన బిడ్డ అభీష్టాన్నీ పరిగణించవచ్చు. బడి మానేసిన సంగతి, పండగకు కొత్త బట్టలు కూడా లేని సంగతి కోర్టుకు తెలిసేదెలా? ఏ పక్షానికీ చెందని మనిషి చెబితేనే.

సోదర సోదరీమణులారా! అనాథను ఆదుకున్నవారు స్వర్గంలో తనకు రెండు వేళ్ళంత చేరువలో ఉంటారని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ చేరువ కోరేవారికి ఈ రోజు ఒక దారి జిల్లా కోర్టు వైపు కూడా ఉంది. ఈ జుమా నమాజు తర్వాత మస్జిద్‌లోనే పది నిమిషాలు ఆగండి. మీ పట్టణంలో ఆ ఐదుగురు ఎవరో మాట్లాడుకోండి. మొదటి పేరుగా మీ పేరు రాయండి. వచ్చే వాయిదాకు ఆ బిడ్డ పక్క ఖాళీగా ఉండకూడదు.