వచ్చినవాళ్లకు సద్దేనా?

పోయిన సంవత్సరం మా బాబు పుట్టినరోజుకు వాడి క్లాసు పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను ఇంటికి పిలిచాం. సాయంత్రం ఆరింటికి రమ్మంటే అందరూ చేరేసరికి ఏడున్నర అయింది. కేకు, వెజ్ బిర్యానీ, పనీర్ కర్రీ, రైతా, గులాబ్ జామూన్, ఐస్‌క్రీమ్ పెట్టాం. ఏ లోటూ జరగలేదనుకున్నాను. మర్నాడు ఫోన్లో ఫొటోలు చూస్తుంటే ఒక పిల్లవాడు ప్రతి ఫొటోలోనూ చిప్స్ ప్లేటుతోనే కనిపించాడు. బిర్యానీ లేదు, కేకు లేదు.

మా బాబును అడిగాను. "వాడికి పాలు పడవమ్మా. పాలతో చేసినవి ఏవి తిన్నా ఒళ్లంతా దద్దుర్లొస్తయ్. ఒకసారి ఊపిరాడక హాస్పిటల్‌కు కూడా తీసుకపోయిన్రు. వాళ్లమ్మ బ్యాగులో డబ్బా తెచ్చింది గానీ అందరి ముందు తియ్యొద్దన్నడు" అన్నాడు.

ఆ తల్లి మా ఇంట్లో రెండు గంటలు కూర్చుంది. ఆ విషయం నాకు చెప్పే అవకాశమే ఆమెకు రాలేదు. ఎందుకంటే నేను వంటింట్లో ఉన్నాను. ఫొటోలు మళ్లీ చూసుకున్నాను. కేకు కోసేటప్పుడు తప్ప ఎక్కడా నేను లేను.

ఇల్లు నాది, పిలిచింది నేను, పొరపాటూ నాదే. ఆ రోజు నుంచి ఆలోచిస్తూ వచ్చిన ఒక మాటను తోటి తల్లిదండ్రులతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను. పిల్లల స్నేహితుల కుటుంబాలను పిలిచినప్పుడు, ఏడాదిలో ఒక్కసారైనా, సాయంత్రం పార్టీకి బదులు ఆదివారం పొద్దున పదిన్నరకు భోజనం పెడదాం. అందులో పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం ఏవీ లేకుండా చూద్దాం. వంటలో చాలా భాగం ముందురోజే ముగించుకుందాం. అప్పుడు ఏ పిల్లవాడూ చిప్స్ ప్లేటుతో మిగిలిపోడు, ఏ తల్లీ వంటింట్లో ఉండిపోదు.

దీన్ని నగరాల్లో వీగన్ బ్రంచ్ అంటున్నారు. రెండూ ఇంగ్లండ్‌లో పుట్టిన మాటలే. పొద్దుటి టిఫిన్‌నూ మధ్యాహ్న భోజనాన్నీ కలిపి ఆదివారాలు ఆలస్యంగా తినాలంటూ 1895లో గై బెరింజర్ అనే రచయిత ఒక వ్యాసం రాశాడు. బ్రంచ్ అన్న మాట అచ్చులో కనిపించింది అందులోనే. జంతువుల నుంచి వచ్చే ఏ ఆహారాన్నీ, అంటే పాలనూ తేనెనూ కూడా, ముట్టని వారికి వీగన్ అన్న పేరు 1944లో వచ్చింది.

పేరు కొత్తదే కానీ ఆ వేళ మనకు కొత్తది కాదు. నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ప్రాంతం మనది. నాట్లప్పుడు పొద్దున్నే పొలంలో దిగినవాళ్లు పది దాటాక గట్టు మీద కూర్చుని సద్ది మూట విప్పడం మన తాతల కాలం వాళ్లంతా ఎరిగిన దృశ్యం. దాన్నే సద్దివేళ అన్నారు. ఇంట్లో ముందే వండి పెట్టుకున్నది, చల్లారినా రుచి పోనిది, పదిమంది మధ్యలో పెట్టుకుని తినేది సద్ది.

అత్తమ్మ అడ్డు చెప్పింది

ఈ ఏడాది ఇలా చేద్దామని చెప్పగానే మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "వచ్చినోళ్లకు సద్ది పెడ్తవా? పొయ్యి మీదికెల్లి వేడి వేడిగ పెడితె మర్యాద గని!" అంది. పెరుగు కూడా ఉండదని తెలిసి ఇంకా నొచ్చుకుంది. "పెరుగు లేంది బువ్వ ముగుస్తదా?"

ఆమె మాటను తేలిగ్గా తీసిపారేయలేను. మన ఇళ్లల్లో సద్ది అంటే ఇంటివాళ్లు తినేది. అతిథికి వేడన్నం పెట్టడం గౌరవం. పెరుగు వడ్డించకపోతే భోజనం సగంలో లేపినట్టు ఉంటుంది. పొలానికి పోయిన సద్దన్నంలోనూ మజ్జిగో పెరుగో ఉండేది. మన పూర్వీకులు వీగన్లని చెప్పుకుంటే అది అబద్ధమే అవుతుంది.

అయితే నేను ఆమెను ఒకటే అడిగాను. "అత్తమ్మా, సద్దుల బతుకమ్మ నాడు మనం ఏమేం చేస్తం?" వేళ్ల మీద లెక్కపెట్టింది. చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగన్నం. ఐదింటిలో పాలతో పని ఉన్నది ఒక్కటే! తొమ్మిది రోజుల పండుగలో ఆఖరి రోజుకు సద్దుల పేరే పెట్టుకున్నాం. ఆ రోజు సద్దిని డబ్బాల్లో కట్టుకుని పోయి, బతుకమ్మను నీళ్లలో వదిలాక వాడలోని ఆడవాళ్లంతా ఒకరికొకరు పంచుకుంటారు. 2014లో రాష్ట్ర పండుగ అయిన బతుకమ్మలో సద్ది మర్యాద తక్కువది కానప్పుడు, మన ఇంటి ముందు గదిలో మాత్రం ఎందుకవుతుంది? పెద్దల మాటను మనం సద్దిమూటతోనే కదా పోల్చుకున్నాం.

అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వులు మంచిగ ఏంచాలె. మాడితె చేదైతది" అంది. ఒప్పుకుందని అర్థమైంది.

మూడు రోజుల పని

నాలుగు కుటుంబాలను పిలిచాం. మాతో కలిపి పద్నాలుగు మందిమి. పని ఇలా పంచుకున్నాం.

శుక్రవారం సాయంత్రం నువ్వులు, పల్లీలు వేయించి పొడులు కొట్టుకున్నాం. నువ్వులు, బెల్లంతో లడ్డూలు కట్టాం. ఇవి వారం దాకా చెడవు. మా బాబు పల్లీల పొట్టు ఊదాడు, ఇల్లంతా పొట్టు చేశాడు. కానీ వాడి పార్టీకి వాడు పనిచేయడం అదే మొదటిసారి.

శనివారం పొద్దున శనగలు నానబెట్టి, సాయంత్రం ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టాం. పులిహోర పులుసును నూనె తేలేదాకా ఉడికించి, చల్లారాక సీసాకు ఎత్తాం. పల్లీలు, నువ్వుల ముద్దతో గుత్తి వంకాయ కూర వండి అదీ ఫ్రిజ్‌లో పెట్టాం. ఈ కూర మర్నాటికి మసాలా పట్టి ఇంకా బాగుంటుంది. రొట్టెలు చేసి నలిపి, బెల్లం, నువ్వుల పొడి, కొబ్బరి కలిపి మలీద ముద్దలు కట్టాం. నెయ్యి వేయలేదు.

ఆదివారం పొద్దున మిగిలింది గంటన్నర పని. తొమ్మిదింటికి కిలోన్నర బియ్యం వండి, వెడల్పు పళ్లేల్లో ఆరబెట్టి, సగం పులిహోర, సగం నువ్వుల సద్ది కలిపాం. శనగలకు తాలింపు పెట్టాం. కూరను పొగలు వచ్చేదాకా మళ్లీ కాగించాం. పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు, చింతపండు పిసికి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేస్తే చాలు. తాగడానికి మిరియాలు, యాలకులు వేసిన బెల్లం పానకం. పదింటికి నేను స్నానం చేసి, చీర మార్చుకుని ముందు గదిలో కూర్చున్నాను.

అన్నం మాత్రం ముందురోజు ఎందుకు వండలేదంటే, ముందే చేసుకోవడానికి ఒక హద్దు ఉంది. అన్నం ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని ఉంటాయి. అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి వదిలితే అవి పెరిగి వాంతులు, విరేచనాలు తెప్పిస్తాయి. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దనీ, దాచుకునేదాన్ని 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చింతపండు పులుపు కొంత కాపాడుతుంది కానీ మన బాన్సువాడ ఎండాకాలానికి ఆ భరోసా చాలదు. పులుసు, పొడులు, తీపి ముందురోజు, అన్నం ఆ పూటే. ఇది మా ఇంటి నియమం.

అడగాల్సిన ఒక్క ప్రశ్న

పిలిచేటప్పుడే ప్రతి ఇంటికీ ఫోన్ చేసి అడిగాను. "మీ పిల్లలకు పడనివి ఏమైనా ఉన్నాయా?" ఇది అందరం అడగాల్సిన ప్రశ్న. ఎందుకంటే మేం చేసిన వంటంతా పల్లీలు, నువ్వుల మీద నడిచింది. పాలు పడనివాళ్లు ఉన్నట్టే పల్లీలు, నువ్వులు పడనివాళ్లూ ఉంటారు. వీగన్ భోజనం అంటే అందరికీ పడే భోజనం అని అర్థం కాదు.

పాల విషయంలోనూ రెండు రకాలున్నాయి. కొందరికి పాలలోని చక్కెర అరగదు. కడుపు ఉబ్బుతుంది, నొప్పి వస్తుంది. పాల అలర్జీ వేరు. పాలలోని ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా చూస్తుంది. అలాంటి పిల్లలకు కొంచెం తగిలినా ప్రమాదం రావచ్చు. నెయ్యిలోనూ ఆ ప్రొటీన్ ఆనవాళ్లు మిగిలి ఉండవచ్చు. రైతాలో ముంచిన గరిటె పులిహోరలో పెట్టినా చాలు. అందుకే పెరుగును పక్కన వేరే గిన్నెలో పెడదామన్న మా వారి సలహాను నేను ఒప్పుకోలేదు. పదిమంది పిల్లలు వడ్డించుకునే చోట గరిటెలు తారుమారు కాకుండా ఎవరు కాపలా కాస్తారు?

ప్యాకెట్ల దగ్గరా జాగ్రత్త కావాలి. ఆకుపచ్చ చుక్క ఉంది కదా అని తెచ్చేస్తాం. ఆ చుక్క శాకాహారం అని మాత్రమే చెబుతుంది. శాకాహారంలో పాలు కూడా ఉంటాయి. బిస్కెట్లలో, బ్రెడ్డులో, చాక్లెట్లలో పాలపొడి మామూలే. వీగన్ ఆహారానికి వేరే గుర్తు ఉంది. దానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2022లో నిబంధనలు తెచ్చింది. ఆ గుర్తు కనిపించకపోతే వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవడమే దారి. నాలుగో తరగతి పిల్లలు ఆ జాబితా చక్కగా చదవగలరు. దుకాణంలో మా బాబుతోనే చదివించాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను అడుగుతున్నది ఒక పూట గురించి. పిల్లలకు పాలు మాన్పించమని కాదు. రాగుల్లో, నువ్వుల్లో కాల్షియం దండిగా ఉన్నా, బి12 విటమిన్ మాత్రం మొక్కల నుంచి వచ్చే ఆహారంలో దొరకదు. పాలు, గుడ్డు, మాంసం అన్నీ మానాలనుకునే కుటుంబాలు ముందు డాక్టర్‌ను కలవాలి.

ఆ ఆదివారం

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఒకమ్మాయి వచ్చీ రాగానే "ఆంటీ, కేక్ ఎక్కడ?" అంది. మలీద ముద్ద ఇస్తే సగం తిని పక్కన పెట్టింది. నాన్నలకు చాయ్ లేదంటే మొహాలు మారాయి. డికాక్షన్‌లో నిమ్మరసం పిండి ఇస్తే ఒకాయన మర్యాదకు తాగాడు. చివర్లో మా అత్తమ్మ పెరుగు లేదని అందరికీ తానే ముందు క్షమాపణ చెప్పుకుంది.

ఆ బాబు వాళ్లమ్మ వడ్డించుకునే ముందు నన్ను పక్కకు పిలిచింది. ఒక్కో గిన్నె చూపిస్తూ అడిగింది. దేంతో తాలింపు పెట్టారు? లడ్డూల్లో నెయ్యి తగిలిందా? రొట్టెలు కాల్చిన పెనం మీద అంతకుముందు నెయ్యి వేశారా? పోయినేడు ఇవే అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఈసారి అన్నింటికీ ఉంది. పెనాన్ని శనివారం సబ్బుతో తోమించానని కూడా చెప్పాను. ఆమె బాబుకు పళ్లెం నిండా పెట్టి, తానూ పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. బ్యాగులో ఈసారి కూడా డబ్బా తెచ్చిందట. వెళ్లేటప్పుడు నవ్వుతూ చూపించింది, మూత తీయలేదు.

పన్నెండున్నరకు అందరూ వెళ్లిపోయారు. పిల్లలకు హోంవర్క్‌కూ నిద్రకూ ఇంకా సగం ఆదివారం మిగిలే ఉంది. ఇద్దరు తల్లుల పేర్లు నాకు ఆ రోజే తెలిశాయి. రెండేళ్లుగా మా పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు.

వేడన్నం మర్యాద అన్న అత్తమ్మ మాట తప్పని నేనిప్పటికీ అనను. కానీ వేడి వేడిగా వడ్డించడం కోసం ఇంటి ఇల్లాలు వచ్చినవాళ్లకు మొహమే చూపించకపోతే, ఒక పిల్లవాడు అందరి మధ్య పస్తుంటే, ఆ మర్యాద ఎవరికి దక్కింది?

తోటి తల్లిదండ్రులకు నా విన్నపం చిన్నది. ఈసారి పుట్టినరోజుకు పిలిచే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో "మా పాపకు ఇది పడదు" అని చెప్పడానికి మొహమాటపడకండి. స్కూల్ వాళ్లకూ ఒక మాట. డైరీ మొదటి పేజీలో బ్లడ్ గ్రూప్ పక్కన "పడని ఆహారం" అని ఒక గీత చాలు. వచ్చే నెల నాలుగిళ్లలో ఎవరో ఒకరు పిలుస్తారని చూస్తున్నాను. పచ్చిపులుసు నేను తెస్తాను.

— నాలుగో తరగతి విద్యార్థి తల్లి, బాన్సువాడ బ్రాంచి