పక్కన కూర్చోబెడితే సరిపోతుందా?

1919లో విజయనగరంలో సంగీత పాఠశాల తెరిచినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వచ్చారని, ఆయన ఫిడేలు విన్న ఆదిభట్ల నారాయణదాసు ఏకంగా ఆచార్యుడిగానే తీసుకున్నారని ఈ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి నాయుడుగారికి పాతికేళ్లు దాటాయంతే. తొలి ప్రిన్సిపాల్ దాసుగారు; 1936లో ఆ కుర్చీ నాయుడుగారికి వచ్చింది. ఎవరు విద్యార్థి, ఎవరు విద్వాంసుడు అన్నది దరఖాస్తు చూస్తే కాదు, వింటే తేలుతుందన్నమాట. అలాంటి ఊళ్లోనూ, పక్కనున్న శ్రీకాకుళంలోనూ సంగీతం నేర్చుకుంటున్న పిల్లల్నీ చేయి తిరిగిన విద్వాంసుల్నీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, యాభై అరవై మంది పట్టే గదుల్లో వరుసగా కచేరీలు పెట్టడం మంచిదేనా? అవునన్నవాళ్ల మాటా కాదన్నవాళ్ల మాటా తీసిపారేసేవి కావు.

ముందు అవునన్నవాళ్ల మాట. క్లాసులో వర్ణం వస్తుంది, కృతి వస్తుంది, రాగలక్షణం వస్తుంది. కచేరీ చెయ్యడం మాత్రం కచేరీలోనే వస్తుంది. ఒక్క స్వరకల్పననే చూడండి. గాయకుడు కల్యాణిలో నాలుగు ఆవర్తనాలు స్వరం వేసి పల్లవి ఎత్తుగడ మీద వాలతాడు. ఫిడేలు పట్టుకున్న అమ్మాయి ఆ క్షణంలోనే అందుకోవాలి. ఆయన నిషాదం చుట్టూ తిరిగారా, దాటు స్వరాలు వేశారా, చివర మూడుసార్లు తిప్పిన ముక్తాయి ఎన్ని అక్షరాలది, ఇదంతా కమాను తిరిగేలోపు లెక్కకు రావాలి. ఆయన పాడింది పాడినట్టు అప్పజెబితే పస ఉండదు. దానితో పొంతన లేనిది వాయిస్తే మర్యాద ఉండదు. మృదంగం కుర్రాడిదీ ఇదే కష్టం. తనియావర్తనంలో ఎదుట కంజిర పట్టుకుని ఒక పెద్దాయన కూర్చుంటే, రెండు ఆవర్తనాలు, ఒకటి, సగం, పావు అంటూ ఇద్దరి వంతులూ కుంచించుకుపోయే చోట కుర్రాడి లెక్క ఎంత గట్టిదో అందరికీ తెలిసిపోతుంది. ఈ పాఠం ఏ సిలబస్‌లోనూ పెట్టలేరు.

పైగా ఇది మనకు కొత్తా కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పసితనంలోనే విజయవాడలో పూర్తి కచేరీ చేశారంటే, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వేదిక చూపించబట్టే. మధూకరం ఎత్తుకుని చదువుకున్న రోజుల్లో ఘంటసాలకు గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారి ఆదరణ దొరికింది. పెద్దల దగ్గర మసలడం వల్లే విద్య పట్టుబడుతుందన్నది ఇక్కడి అనుభవం. పరాయి దేశంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. అమెరికాలోని వెర్మాంట్‌లో రుడాల్ఫ్ సెర్కిన్, అడాల్ఫ్ బుష్ వంటి సంగీత విద్వాంసులు 1951లో మొదలుపెట్టిన మార్ల్‌బరో ఉత్సవంలో వేసవంతా పెద్దలూ యువకులూ కలిసి ఒకే రచనను సాధన చేస్తారు. పెద్దవాళ్లు బయట కూర్చుని తప్పులు దిద్దరు. తామూ ఒక వాద్యం పట్టుకుని మధ్యలో కూర్చుంటారు. సాధన చేసినవాటిలో కొన్నే వేదిక ఎక్కుతాయి.

ఇక కాదన్నవాళ్ల మాట. మొదటి చిక్కు శ్రుతి. మగ విద్వాంసుడు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతాడు. డిప్లొమా చదివే అమ్మాయి గొంతుకు ఐదో, ఐదున్నరో కావాలి. ఇద్దరూ కలిసి పాడాలంటే ఒకరు పైషడ్జం దగ్గర అవస్థ పడాలి, లేదా ఇంకొకరు మంద్రంలో మూలగాలి. వంతులవారీగా పాడితే మృదంగం మార్చాలి, ఫిడేలు మళ్లీ శ్రుతి చేసుకోవాలి. ఈలోగా సభ కబుర్లలో పడుతుంది. రెండోది, అలంకారం బెడద. వెనక ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి, పల్లవిలో గొంతు కలపనిచ్చి, ఆలాపన దగ్గర చెయ్యి అడ్డుపెట్టే కచేరీలు చాలా చూశాం. కరపత్రంలో పేరు, ఫొటో, శాలువా దక్కుతాయి. విద్య మాత్రం అంగుళం కదలదు.

మూడోది శ్రోత. పిల్ల తడబడుతుంటే ఓపిగ్గా వినాల్సిన బాధ్యత అతనికేం ఉంది? మంచి తోడి వినాలని శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా బస్సులో వచ్చినవాడికి, పెద్దాయన పిల్లల కోసం తగ్గి పాడుతున్నాడనిపిస్తే మళ్లీ రాడు. నాలుగోది పైకి ఎవరూ అనరు గానీ నిజం: 'విద్యార్థుల కార్యక్రమమే కదా' అని విద్వాంసుడి పారితోషికంలో కోత పడుతుంది. చివరిది ఈ కాలపు గొడవ. పదిహేడేళ్ల పిల్ల ఒకసారి తాళం తప్పితే అది రాత్రికే ఫోన్లలో తిరుగుతుంది. పాతకాలపు విద్యార్థికి తప్పు చేసి మరుగున పడే అదృష్టమన్నా ఉండేది.

రెండు పక్షాల మాటా విన్నాక నాకు తోచేది ఇది. ఈ అభ్యంతరాల్లో సగం కలిసి కచేరీ చెయ్యడానికి సంబంధించినవి కావు, దాన్ని పెద్ద హాల్లో సరైన సాధన లేకుండా పెట్టడం వల్ల వచ్చేవి. విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలోనో, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనో మైకుల మధ్య కూర్చుంటే పక్కవాడు వాయించేది సగమే వినపడుతుంది. అదే చిన్న గదిలో, మైకు లేకుండా, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానుతో చేసిన వీణ వినండి. ఒక్క మీటు మీద తీగ లాగితే పుట్టే మూడు నాలుగు స్వరాలూ, చివరిది ఆరిపోయేదాకా చెవికి అందుతాయి. మృదంగం కుర్రాడు ఎవరూ చెప్పకుండానే చేతి బరువు తగ్గిస్తాడు, లేకపోతే తన మోత తనకే తెలిసిపోతుంది. అలాంటి గదిలో వినడం దానంతటదే అలవడుతుంది. వచ్చినవాళ్లను ఫోన్లు జేబులో పెట్టుకోమని అడగడమూ అక్కడ తేలిక.

శ్రుతి చిక్కుకూ దారి ఉంది: రెండు గాత్రాలు కలపకుండా, గాత్రానికీ వాద్యానికీ జత కట్టడం. పెద్దాయన పాడితే అమ్మాయి ఫిడేలు వాయించాలి. మరుసటి కచేరీలో అమ్మాయి తన ఐదున్నర శ్రుతిలో పాడాలి, అనుభవమున్న ఫిడేలు విద్వాంసుడు పక్కవాద్యానికి కూర్చోవాలి. ఈ రెండో ఏర్పాటే కష్టం. పెద్దవాడు తన ప్రతాపం చూపిస్తే పిల్ల మునిగిపోతుంది. మరీ వెనకేసుకొస్తే ఆమె లోపాలన్నీ ఆయన కమాను కింద దాగిపోయి, చప్పట్లు విని ఆమే మోసపోతుంది. అందుకే ఎవరు బాగా వాయిస్తారనే కాదు, ఎవరికి తగ్గడం తెలుసు, ఎక్కడ తగ్గకూడదో తెలుసు అని కూడా చూసి విద్వాంసులను ఎంచుకోవాలి.

శ్రోత ఫిర్యాదు మాత్రం పూర్తిగా తీరదు. కొన్ని సాయంత్రాలు సంగీతం ఒక మెట్టు దిగుతుంది. దాన్ని ముందే ఒప్పుకోవాలి. ఆ నష్టం తగ్గాలంటే నెలనెలా పెట్టే ఉత్సాహం మానుకుని ఏడాదికి మూడో నాలుగో పెట్టాలి. ఒక్కోదానికి నెల ముందు నుంచీ ఇద్దరూ కలిసి కూర్చుని సాధన చెయ్యాలి. ఆ సాధనకు కూడా విద్వాంసుడికి డబ్బివ్వాలి. సిద్ధం కాని కృతిని మొహమాటం లేకుండా పక్కన పెట్టాలి. విద్యార్థికి ఒక్క ఆలాపనో, ఒక నెరవో, తనియావర్తనంలో సగమో పూర్తిగా తన బాధ్యత మీదే వదలాలి. ఇన్ని కుదరనప్పుడు పిల్లల కార్యక్రమం వేరుగా, పెద్దల కచేరీ వేరుగా పెట్టుకోవడమే నిజాయితీ.

కుదిరితే మాత్రం చేసి తీరాల్సిన పని. ఫలితం ఆ సాయంత్రపు చప్పట్లలో కనపడదు. ఏడాది తిరిగాక ఆ పెద్దాయన పేరు లేని కచేరీకి ఆ అమ్మాయిని ఇంకెవరైనా పిలిచారా, లేదా? లెక్క చూసుకోవాల్సింది అక్కడ.